బ్లాస్టింగ్ క్యాబినెట్‌లో గూడూరు ఇసుక వద్దు, మరి ఏది పోయాలి?

నెల్లూరు, కావలి వంటి ఊళ్లలో సముద్రపు గాలి వల్ల ఇనుముకు తుప్పు తొందరగా పడుతుంది. అందుకే పాత మోటారు సైకిళ్లను బాగుచేసుకునే మిత్రులు కొందరు ఇంటి దగ్గరే చిన్న బ్లాస్టింగ్ క్యాబినెట్, అంటే గాలి వేగంతో రేణువులను కొట్టి తుప్పు తీసే మూసిన డబ్బా, పెట్టుకుంటున్నారు. డబ్బా ఎవరు చేశారు, అద్దం ఎంత మందం, గ్లవ్స్ ఏ రకం అన్న విషయాల మీద ఎంతో చర్చ జరుగుతుంది గానీ, అందులో పోసే గ్రిట్, అంటే తుప్పును కొట్టే రేణువుల సంగతి వచ్చేసరికి చాలామంది ఇసుక బస్తా తెచ్చుకుంటే చాలనుకుంటారు. పనిని, దానికి మించి మనిషి ఊపిరితిత్తులను నిర్ణయించేది ఆ గ్రిట్టే కాబట్టి, ఈ ఎంపిక గురించి వివరంగా రాయాలనిపించింది.

గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో దొరికే తెల్లని సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు, పోత పోసే ఫౌండ్రీలకు లారీల మీద వెళ్తుంది. మనకు అది చేతికందే దూరంలో ఉంది, చవక, రేణువులు గట్టివి, చూడటానికి శుభ్రంగా కూడా ఉంటాయి. అయినా దాన్ని క్యాబినెట్‌లో పోయకూడదని నేను గట్టిగా చెబుతాను. ఆ ఇసుక దాదాపు పూర్తిగా క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. గాలి వేగంతో వెళ్లి ఇనుమును తాకిన క్వార్ట్జ్ రేణువు అక్కడికక్కడే పగిలి, కంటికి కనిపించనంత సన్నని ధూళి అవుతుంది. అందులో కొన్ని మైక్రాన్ల పరిమాణం మాత్రమే ఉండే కణాలు ముక్కులోను, గొంతులోను ఆగకుండా ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా చేరి, మళ్లీ బయటికి రాకుండా అక్కడే మచ్చలు కడతాయి. దాని పేరే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు, పైగా అది ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం కూడా ఎక్కువ. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను తప్పనిసరిగా అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. బ్రిటన్ 1949లో తెచ్చిన నిబంధనలతోనే బ్లాస్టింగ్‌కు సిలికా ఇసుక వాడకాన్ని నిషేధించింది. ఈ ధూళి మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ప్రకటించింది.

క్యాబినెట్ మూసే ఉంటుంది కదా అని కొందరు అంటారు. ఇంట్లో చేయించుకున్న డబ్బాకు తలుపు అంచుల దగ్గర, గ్లవ్స్ బిగించిన చోట సందులు ఉండనే ఉంటాయి. పని అయిన వెంటనే తలుపు తీస్తే లోపలి ధూళి అంతా నేరుగా మొహం మీదికే వస్తుంది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ కణాలను ఆపలేదు. పెన్నా ఇసుకను కడిగి, జల్లించి, ఎండబెట్టి వాడుకున్నా ఫలితం మారదు, ఎందుకంటే ప్రమాదం పైనున్న మట్టిలో కాదు, పగిలే రేణువులోనే ఉంది. మైపాడు ఒడ్డు ఇసుకకైతే ఉప్పు కూడా తోడవుతుంది కాబట్టి రంగు కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది.

గ్లాస్ బీడ్స్ (సన్నని గాజు పూసలు) కూడా సిలికాతోనే చేస్తారు కదా, వాటినెందుకు వాడవచ్చని తరచుగా అడుగుతుంటారు. ప్రశ్న సరైనదే. గాజును కరిగించి చేసేటప్పుడు సిలికా తన స్ఫటిక నిర్మాణాన్ని పోగొట్టుకుంటుంది. సిలికోసిస్ తెచ్చేది స్ఫటిక రూపంలోని సిలికా. అంతమాత్రాన గాజు ధూళిని పీల్చవచ్చని కాదు. ఏ గ్రిట్ వాడినా డబ్బాకు ధూళిని లాగే వాక్యూమ్, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఫిల్టర్ మాస్క్ ఉండవలసిందే.

గ్రిట్ కొనేముందు కంప్రెసర్‌ను చూసుకోవాలి. మన ఇళ్లలో ఉండేవి సాధారణంగా రెండు, మూడు హార్స్‌పవర్ పిస్టన్ కంప్రెసర్లు, క్యాబినెట్లేమో గ్రిట్‌ను కింది నుంచి గాలితో పీల్చుకునే రకం. గాలి, గ్రిట్ బయటికి వచ్చే మొన, అంటే నాజిల్, రంధ్రం వ్యాసం రెండింతలైతే గాలి అవసరం నాలుగింతలవుతుంది కాబట్టి పెద్ద నాజిల్ పెట్టి పెద్ద రేణువును తోయాలన్న ఆశ పెట్టుకోకూడదు. చీమకుర్తి వైపు గ్రానైట్ దిమ్మెలను పలకలుగా కోసే గ్యాంగ్ సా యంత్రాలలో వాడే స్టీల్ గ్రిట్ ఎక్కడైనా దొరికితే పోసి చూద్దామని ప్రకాశం జిల్లా మిత్రులకు అనిపించవచ్చు. ఉక్కు సాంద్రత ఇసుకకు దాదాపు మూడింతలు. అంత బరువైన రేణువును చిన్న కంప్రెసర్ సరిగ్గా పీల్చి విసరలేదు. తేమ తగిలితే ఆ గ్రిట్టే తుప్పు పట్టి గడ్డకడుతుంది కూడా.

తుప్పు పట్టిన ఇనుప భాగాలకు, అంటే ఛాసిస్ బ్రాకెట్లు, స్టాండ్లు, పంపుసెట్టు ఫ్లాంజ్‌ల వంటి వాటికి, నేను మొదట సూచించేది 80 నంబరు బ్రౌన్ అల్యూమినియం ఆక్సైడ్. మోస్ కొలతలో దాని గట్టితనం 9, క్వార్ట్జ్‌ది 7. రేణువు మూలలు పదునుగా ఉండి తుప్పును కోస్తూ తీసేస్తాయి, లోహం మీద సన్నని గరుకు మిగులుతుంది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఆ గరుకును పట్టుకునే నిలుస్తుంది. కిలో ధర ఇసుకతో పోలిస్తే ఎక్కువే అయినా, ఇసుక ఒక దెబ్బకే పొడి అయితే ఇది జల్లించుకుంటూ అనేకసార్లు వాడుకోవచ్చు కాబట్టి చివరికి ఖరీదైనది అనిపించదు. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. పల్చని రేకుల మీద 80 బదులు 120 వాడితే, ఒత్తిడి కూడా తగ్గిస్తే, రేకు వంకర పోదు. దీనికి బదులు గార్నెట్ కూడా మంచిదే. అది కాస్త మెత్తన, అన్నిసార్లు తిరిగి వాడటానికి రాదు. కొనేటప్పుడు మాత్రం ఫ్రీ సిలికా (స్ఫటిక రూపంలోని సిలికా) ఒక శాతం లోపు ఉందని రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. కాపర్ స్లాగ్ (రాగి తీయగా మిగిలే చిట్టెం) ఓడల మరమ్మతులకు, పెద్ద ట్యాంకులకు పనికివచ్చే సరుకే గానీ, పగిలి విపరీతంగా దుమ్ము లేపుతుంది కాబట్టి అద్దంలోంచి చూస్తూ చేసే మన పనికి తగదు.

అల్యూమినియం భాగాల సంగతి వేరు. ఇంజన్ కవర్ల మీద, హబ్‌ల మీద పదునైన గ్రిట్ కొడితే లోహం తరిగి, మసకగా, మురికి పట్టేలా తయారవుతుంది. వీటికి గ్లాస్ బీడ్స్ సరిపోతాయి. గుండ్రని పూస కోయదు, పైపొరను తట్టి చదును చేసి మెత్తని మెరుపునిస్తుంది. ఒత్తిడి చదరపు అంగుళానికి 40 నుంచి 60 పౌండ్ల మధ్య ఉంచాలి, అంతకు మించితే పూసలు పగిలి పదునైన ముక్కలవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇనుము మీద వాడిన గ్రిట్‌ను అల్యూమినియం మీద, స్టెయిన్‌లెస్ మీద వాడకూడదు. అందులో చేరిన ఇనుప రజను ఆ లోహంలో నాటుకుని, కొన్నాళ్లకు ఎర్రని చుక్కలుగా బయటపడుతుంది. రెండు గ్రిట్లను మూత గట్టిగా పడే వేర్వేరు డబ్బాల్లో ఉంచి, మార్చేటప్పుడు క్యాబినెట్ మూలలు, పైపు కూడా ఊది శుభ్రం చేయాలి.

కార్బురేటర్‌ను మాత్రం వీటిలో దేనితోనూ కొట్టవద్దు. జెట్లలో ఇరుక్కున్న ఒక్క పూస కూడా పెట్రోలు దారిని మూసేయగలదు. వంట సోడా రకం బ్లాస్టింగ్ పొడి అయితే నీటిలో కరిగి కొట్టుకుపోతుంది, కానీ రంగు వేయవలసిన భాగం మీద సోడా జాడ మిగిలితే రంగు పట్టదు కాబట్టి బాగా కడగాలి.

ఇక తేమ. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన తీరంలో గ్రిట్‌కు ఇంతకంటే పెద్ద శత్రువు లేదు. కంప్రెసర్ నొక్కిన గాలి చల్లబడేకొద్దీ అందులోని ఆవిరి నీరవుతుంది, ఆ నీరు పైపులోకి వస్తే ఎంత మంచి గ్రిట్ అయినా గన్‌లో ముద్దకడుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ట్యాంకు అడుగు వాల్వు తెరిచి నీరు వదలాలి. వాటర్ సెపరేటర్‌ను కంప్రెసర్‌కు ఆనించకుండా, గాలి కొంత చల్లబడే దూరంలో, గన్‌కు దగ్గరగా బిగించాలి. తడిసిన అల్యూమినియం ఆక్సైడ్‌ను టార్పాలిన్ మీద ఎండబెట్టి, జల్లించి, మళ్లీ వాడుకోవచ్చు. బ్లాస్ట్ చేసిన ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, అదే పూట ప్రైమర్ వేయాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఒక్క రాత్రి వదిలేసినా దాని మీద పసుపు పొర వచ్చేస్తుంది.

పాత కిటికీ ఊచలు, గేటు ముక్కలు బ్లాస్ట్ చేసేవారు ఇంకొకటి గమనించాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90) పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఆ పనికి వాడిన గ్రిట్‌ను తిరిగి డబ్బాలో కలపకుండా విడిగా సంచిలో మూట కట్టాలి, పిల్లలు ఆడుకునే పెరట్లో పారబోయకూడదు.