అమ్మ నడిచింది, నేనూ నడిచాను

కాలికి ఇంకా కట్టు ఉంది. మడమ ఆనిస్తే సలుపుతోంది. అయినా ఆ మొక్కు నడక వేడి చల్లారకముందే రాసుకోవాలనిపించింది.

పోయిన క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ, వాకర్ చేతికిస్తే వణికిపోయేది. "నన్ను మంచంలోనే ఉండనియ్యి" అని ఏడ్చేది. ఫిబ్రవరిలో ఒక బుధవారం మరియమ్మ నోవేనా ప్రార్థనలో మొక్కుకున్నాను. తల్లీ, మా అమ్మ తన కాళ్ల మీద నీ గుడిలోకి వస్తే, నీ పండక్కి నేను నల్లగొండ నుంచి చెప్పుల్లేకుండా నడిచి వస్తాను. ఈస్టర్ నాటికి అమ్మ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. జూన్ వచ్చేసరికి ఆ కర్ర తలుపు వెనక్కి పోయింది.

ఆ గుడి అమ్మ పుట్టిన ఊళ్లోని నిత్య సహాయ మాత గుడి. దేవరకొండ రోడ్డు మీద 22 కిలోమీటర్లు పోయాక వస్తుంది. గుణదల లాంటి పెద్ద క్షేత్రం కాదు, చిన్న విచారణ (పారిష్) గుడి. పండగ జూన్ 27న. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి క్లాక్ టవర్ సెంటర్ దగ్గర పదిమందిమి కలిసి జపమాల అందుకున్నాం. ముందు వరసవాళ్లు "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అంటే, వెనక మేము "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుంటూ నడిచాం. లారీలు పోతుంటే మాటలు వినపడేవి కావు.

సగం దూరం దాటాక వాన పట్టుకుంది. బత్తాయి తోట కంచె పక్కన మట్టిలోకి దిగగానే కుడి మడమలో ముల్లు దిగింది. తుమ్మ ముల్లు. మా వాళ్లు లాగబోతే లోపలే విరిగింది. అక్కడే కూలబడ్డాను. కాలు నొప్పి కన్నా మొక్కు ఆగిపోతుందేమో అన్న టెన్షన్‌తో ఏడుపొచ్చింది.

పక్కనే తండా. ఒక రేకుల ఇంట్లోంచి లంబాడా అవ్వ ఒకామె గొడుగేసుకుని వచ్చింది. నా మడమ తన ఒళ్లో పెట్టుకుంది. సెల్‌ఫోన్ లైటు పట్టమని మా తమ్ముడికి చెప్పి, పిన్నీసు దీపం మంట మీద కాల్చి, తోలు మెల్లగా విప్పింది. "కాలు కదిలియ్యకు బిడ్డా, ఒక్క నిమిషం." ముల్లు మొన బయటికొచ్చాక దాన్ని నా అరచేతిలో పెట్టి చూపించింది. బియ్యపుగింజంత కూడా లేదు. పసుపు అద్ది, పాత చీర పేలిక కట్టింది. నేను పర్సు తీస్తే కసిరింది. ఏ దేవుని మొక్కు అని అడిగితే చెప్పాను. "అట్లయితే నా మనుమని పేరు మీద గూడ ఓ మైనపు వత్తి ముట్టియ్యి. వానికి మాటలు సరిగా రాలే" అంది.

తెల్లవారుజామున అయిదున్నరకు గుడి గంట వినపడింది.

ఈ గుడి గురించి నాకు తెలిసిందంతా అమ్మ చెప్పిందే. 1855లో మిలాన్ నుంచి హైదరాబాదుకు వచ్చిన మిషన్ తరఫు ఫాదర్లు, ఇప్పుడు పీమె ఫాదర్లంటాం, వాళ్ల వెంబడే ఈ పల్లెల్లోకి విశ్వాసం వచ్చింది. మోటార్ సైకిల్ మీద వచ్చే ఇటలీ ఫాదర్ గారి తెలుగుకు పిల్లలంతా నవ్వేవాళ్లట. పూజ లాటిన్‌లో, ఫాదర్ గారు గోడవైపు తిరిగి చెప్పేవారు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, పీఠం మన ముందుకొచ్చింది. గోడకానుకుని ఉన్న పాత పీఠం మాత్రం అట్లాగే ఉంది. నల్లగొండ మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, ఏర్పడింది 1976లో. అప్పటిదాకా మావి హైదరాబాదు, వరంగల్ మేత్రాసనాల ఊళ్లు.

అమ్మకు చదువు రాదు. ఆమె బైబిలంతా ఆ గోడల మీదే. యేసు సిలువ మోసిన దారిని చూపే సిలువ మార్గం 14 స్థలాలూ సున్నపు బొమ్మల్లో ఉన్నాయి. ఆరో స్థలంలో ప్రభువు ముఖం తుడిచిన వెరోనికమ్మ చేతి గుడ్డ మీద ఆయన ముఖం సన్నని గీతల్లో ఉండేది. ఈసారి చూస్తే పండగ రంగుల్లో ఆ గుడ్డంతా తెల్ల ఎనామెల్ పూసేశారు. ముఖం లేదు. నాకు కడుపు తరుక్కుపోయింది. రంగులు వేసేముందు ఊళ్లో ముసలివాళ్లను ఒక్క మాట అడగాల్సింది.

జనం మరీ ఎక్కువ. మైకు సెట్ల రొద, వాలంటీర్ల "జరగండి జరగండి". అందరి చేతులూ ఫోన్లతో పైకి లేచి ఉంటే పీఠం మీది నిత్య సహాయ మాత పటం కనపడేదెట్లా? పటం చుట్టూ మినుకుమినుకుమనే లైట్ల దండ ఒకటి. ప్రార్థనకు వచ్చి వీడియోలు తీసుకోవడం ఏమిటో అని కోపమొచ్చింది. ఆ తోపులాటలోనే తమ్ముడి భార్య ఆటోలో అమ్మను తీసుకొచ్చింది.

అమ్మ గడప దగ్గర చెప్పులు విడిచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కిటికీ అద్దాల నీలం, ఎరుపు వెలుగు నేల మీద పడుతుంటే, ఒక్కో అడుగూ చూసుకుంటూ పీఠం దాకా నడిచింది. ముందున్నవాళ్లు దారిచ్చారు.

ఆ పటం అసలుది రోమ్‌లో పునీత అల్ఫోన్సు గుడిలో ఉంది. 1866లో తొమ్మిదో పయస్ పోపు గారు దాన్ని రక్షక సభ (రిడెంప్టరిస్టు) గురువుల చేతికిచ్చారు. మా గుడిలోది నకలు. బంగారు వన్నె మీద తల్లి, ఎడమ చేతిలో బాలయేసు. ఒక పక్క మిఖాయేలు దూత ఈటె, స్పంజి పట్టుకుని ఉంటే, ఇంకో పక్క గబ్రియేలు దూత సిలువ, మేకులు పట్టుకుని ఉంటాడు. వాటిని చూసి బిడ్డ జడిసి, రెండు చేతులతో తల్లి చెయ్యి పట్టుకున్నాడు. పరుగెత్తుకొచ్చిన తొందరలో కుడికాలి చెప్పు ఊడి, ఒక్క పట్టీ మీద వేలాడుతోంది.

చిన్నప్పుడు అమ్మ నన్ను ఎత్తుకుని ఆ చెప్పే చూపించేది. ఈసారి నేను ఆమె వెనక నిలబడి ఉంటే, వేలు పైకెత్తి మళ్లీ అదే చూపించింది. "చూసినవా, భయమైతే చెప్పు గూడ చూసుకోడు. నేనూ గట్లనే ఉంటి గదా మొన్నటిదాక."

పట్టుమని పది క్షణాలు. వెనకనుంచి నెట్టేశారు.

బయట మైనపు వత్తులు వెలిగించేచోట ఒకటి అమ్మ కోసం ముట్టించాను. రెండోది చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, అవ్వ మనుమని పేరు అడగనేలేదు. తండా అవ్వ మనుమడు తల్లీ, మాటలు రావాలి అని చెప్పి వెలిగించాను.