షికాగోకు పంపితే తిరిగొస్తారా?

లింక్ జ్యూస్ అంట. ఒక పేజీ ఇచ్చే లింకు ద్వారా ఇంకో పేజీకి పోయే విలువకు, గూగుల్ లెక్కలో, ఆ పేరు. సాయంత్రం నుంచి ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. రేపు కొళాయి నీళ్ళొచ్చే రోజు, ఐదింటికే లేవాలి. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా మరిది కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. పోయిన దసరాకు వచ్చి బ్లాగు రంగులన్నీ మార్చి పోయినవాడే. డిజిటల్ మార్కెటింగ్‌లో ఇప్పుడు ప్రమోషన్ కూడా వచ్చిందట, ఇక ఆగుతాడా. టీ తాగుతూ నా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, బ్రౌన్ గ్రంథాలయం మీద రాసిన టపా తెరిచాడు. కాసేపు కిందికీ పైకీ జరిపి, "ఏం పెద్దమ్మా, ఒక్క పేజీలో ఇన్ని బయటి లింకులా? నీ జ్యూసంతా కారిపోతాంది. అందుకే గూగుల్‌లో కిందికి పోయినావు" అన్నాడు.

కిందికి పోయిన మాట నిజమే. ఒకప్పుడు కడప బ్రౌన్ లైబ్రరీ అని వెతికితే నా టపా మొదటి పేజీలోనే కనిపించేది. ఇప్పుడు ముందు మ్యాపు, తర్వాత వీడియోలు, వాటికీ పైన ఒక్కోసారి గూగుల్ తనే రాసిపెట్టే సారాంశం. అవన్నీ దాటుకుని నా దాకా వచ్చే ఓపిక ఎవరికుంటుంది? ఆ మాటే అన్నాను. వినలేదు.

"ఈ నిఘంటువు లింకు యాడికి పోతాది?"

"షికాగో యూనివర్సిటీకి."

"చదివేటోళ్ళను షికాగోకు పంపితే తిరిగొస్తారా పెద్దమ్మా?"

పేపరు వెనకనుంచి ఈయన నవ్వారు. పిల్లోడి మాటకన్నా ఆ నవ్వు ఎక్కువ మండించింది. నా బ్లాగు ఏనాడూ చదవని మనిషి ఆ ఒక్క జోకు మాత్రం వినబడేసరికి పేపరు దించారు!

నా బాధ ఏమంటే, బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఈరోజు అది పదం కొట్టి వెతుక్కునేలా షికాగో విశ్వవిద్యాలయం సైట్లో ఉంది. ఆంధ్రభారతి సైట్లో కూడా చూసుకోవచ్చు. ఆయన బంగళా ఉన్న చోటే మన గ్రంథాలయం కట్టారు, నిజమే, కానీ అమలాపురంలోనో ఆదిలాబాదులోనో కూర్చుని నా టపా చదివేవాళ్ళు అర్ధరాత్రి కడపకు బస్సెక్కి వచ్చి పుస్తకం తిరగేస్తారా? బ్రౌన్ మీద అంత పొడుగు టపా రాసి, ఆయన నిఘంటువు ఎక్కడ తెరుచుకుంటుందో చెప్పకుండా దాచుకోవాలా? ఆయన తన నిఘంటువులో అర్థం పక్కన ఉదాహరణ ఏ కావ్యంలోదో పొడి అక్షరాల్లో వేసి మరీ చూపించాడు. జనం వసుచరిత్ర కొనుక్కోవడానికి పోతే తన పుస్తకం పక్కన పడేస్తారని భయపడలేదు కదా.

ఇవన్నీ అప్పుడు నోటికి రాలేదు. అన్నం వడ్డిస్తూ వచ్చాయి, అప్పటికి వాడు క్రికెట్‌లో మునిగిపోయాడు. అంతకన్నా ముందే నన్ను అడక్కుండా ఏదో ప్లగిన్ వేసి, బయటి లింకులన్నిటికీ నోఫాలో, అంటే ఈ లింకుకు విలువ పంచొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు, తగిలించేశాడు. "సేఫ్ చేసినా పెద్దమ్మా" అట.

పంతం పట్టి అసలు లెక్క చదివాను. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రాసిన పేపర్లో పేజ్‌ర్యాంక్ అనే ఆ లెక్క ఉంది. ఒక పేజీ విలువ దానికి లింకు ఇచ్చినవాళ్ళ నుంచి వస్తుంది. ఆ పేజీ తన విలువలో 0.85 వంతును తాను ఇచ్చిన లింకులన్నిటికీ సమానంగా పంచుతుంది. పంచినందుకు తన ఖాతాలోంచి నేరుగా ఏమీ కోసుకోరు. ఇంతవరకు చదివి, వాణ్ణి లేపి చూపిద్దామనుకున్నా.

కానీ ఇంకో మెలిక ఉంది. పేజీలో పది లింకులుండి, అందులో ఐదు నా సొంత టపాలకే పోతుంటే వాటికి దక్కేది సగం. బయటివి తీసేస్తే ఆ సగం కూడా నా టపాలకే వస్తుంది. అక్కడి నుంచి తిరుగు లింకుల మీద కొంత మళ్ళీ ఈ పేజీకీ చేరుతుంది. అంటే వాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఒప్పుకోవాలంటే ప్రాణం ఉసూరుమంటోంది గానీ, కాదు. అయితే అది 1998 నాటి లెక్క. ఇప్పుడు గూగుల్ చూసే సంగతుల్లో అదొకటి మాత్రమే, అందరికీ కనబడే ఆ పేజ్‌ర్యాంక్ నంబరును 2016లో గూగుల్ టూల్‌బార్ నుంచి కూడా ఎత్తేశారు.

వాడు వేసిన ప్లగిన్ మాత్రం శుద్ధ దండగ. నోఫాలో పుట్టింది 2005లో, బ్లాగుల కింద కామెంట్లలో చెత్త లింకులు గుమ్మరించేవాళ్ళకు లాభం లేకుండా చేయడానికి. గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి తెచ్చాయి. దాంతో జ్యూసు మిగుల్చుకోవచ్చని కొందరు తెలివి వాడారు. ఆ వాటా మిగతా లింకులకు చేరదని, ఎటూ కాకుండా పోతుందని 2009లోనే గూగుల్ నుంచి మ్యాట్ కట్స్ చెప్పేశాడు. ఇక బయటికి లింకు ఇవ్వడం దానంతట అది ర్యాంకు పెంచే కారణం కాదని, చదివేవాళ్ళకు పనికొస్తే ఇవ్వమని గూగుల్‌కే చెందిన జాన్ ముల్లర్ మాట. అంటే ఇచ్చినందుకు మార్కులు వేయరు, మామూలు లింకులైతే కొయ్యరు.

నాయన గుర్తొచ్చాడు. కడప వై.వి. స్ట్రీట్ పక్క సందులో కుట్టుమిషన్ సామాన్ల అంగడి. సూదులు, బాబిన్లు, బెల్టులు, నూనె బుడ్లు. రాయచోటి నుంచి, కమలాపురం నుంచి టైలర్లు వచ్చేవాళ్ళు. అడిగిన షటిల్ తన దగ్గర లేకపోతే ఖాళీ సూదుల ప్యాకెట్ విప్పి, దాని లోపలి వైపు ఇంకో అంగడి గుర్తు రాసిచ్చేవాడు. "సందు దాటుకోని ఎడమపక్క రెండో అంగడి. నా పేరు చెప్పబ్బీ, తగ్గిస్తాడు." అన్నం క్యారియర్ తెచ్చిన అమ్మ చూసి, "అంగడి పెట్టుకున్నావా, దారి చెప్పేదానికి కూచున్నావా?" అని మండిపడేది. పోయినవాళ్ళలో కొందరు మళ్ళీ నాయన దగ్గరకే వచ్చేవాళ్ళు. అందరూ వచ్చేవాళ్ళని మీకు ఇంతకుముందు ఏదో టపాలో చెప్పినట్టున్నా, అది కొంచెం నేను కలిపి చెప్పిందే. చాలామంది ఆ అంగట్లోనే అన్నీ కొనుక్కుని అటునుంచి అటే బస్టాండుకు పోయేవాళ్ళు. అమ్మ కోపం ఊరికే రాలేదు. నాయన ఏమో నెలాఖరున అద్దె కట్టలేక అంగడి ఓనరును తప్పించుకు తిరిగినా, ప్యాకెట్ల మీద రాసివ్వడం మానలేదు.

ఇంతవరకు రాసి, నాయన దారే నా దారి అని ముగిద్దామనుకున్నా. కానీ ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక్క అంగడికి మాత్రం నాయన ఎవరినీ పంపేవాడు కాదు. కంపెనీ కవర్లో నకిలీ సూదులు పెట్టి అమ్మే చోటు అది. అడిగిన సామాను అక్కడే ఉందని తెలిసినా, "ఊర్లో లేదు, తెప్పిస్తా, గురువారం రా" అనేవాడు. ఏ అంగడైనా చేతులు మారిందని తెలిస్తే, పోయి ఒకసారి నిలబడి చూసొచ్చేదాకా అటు ఎవరినీ పంపేవాడు కాదు. ఆ విషయంలో అమ్మ ఏనాడూ నోరెత్తలేదు.

అది తట్టగానే పాత టపాల్లో లింకులు ఒక్కొక్కటే నొక్కి చూడటం మొదలుపెట్టాను. పుష్పగిరి టపాలో మైదుకూరు అక్క సైటు లింకు నొక్కితే పేక ముక్కలు గిరగిరా తిరుగుతూ వచ్చాయి. రమ్మీ! శాసనాల మీద అక్క అంత కష్టపడి రాసుకున్న చోట, బోనస్ తీసుకోండి అని మెరిసే బటన్. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, నా పుష్పగిరి టపా మాత్రం జనాన్ని అక్కడికి పంపుతోంది. అక్క సైటు పేరు గడువు తీరితే ఎవరో కొనుక్కున్నట్టుంది. పాత సైటుకు జనం ఇచ్చిన లింకుల విలువ కోసమే ఇట్లా కొంటారట. 2024 మార్చిలో గూగుల్ దీన్ని స్పామ్ కింద చేర్చింది. మామూలుగా చచ్చిన లింకులకైతే లెక్కే లేదు. 2013లో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్ళకు దొరకడం లేదని ప్యూ రిసెర్చ్ సెంటర్ తేల్చింది.

పోయిన వారం వచ్చిన ఈమెయిల్ సంగతి కూడా ఇప్పుడే వెలిగింది. గండికోట టపాలో ఒక వాక్యం కలిపి, వాళ్ళ బెట్టింగ్ యాప్‌కు లింకు ఇస్తే డబ్బులిస్తారట. నోఫాలో ఉండకూడదని, స్పాన్సర్డ్ అని గుర్తు పెట్టకూడదని రెండుసార్లు రాశారు. డబ్బుకు ఇచ్చే లింకుకు ఆ రెండింటిలో ఏదో ఒక గుర్తు తప్పదనేది గూగుల్ నియమం. బయటి లింకు ఇస్తే జ్యూసు పోతుందని మాకు క్లాసు పీకేదీ ఈ మార్కెటింగ్ ఫీల్డు వాళ్ళే, ఆ జ్యూసు తమకు పోయమని నోట్లు ఊపేదీ వాళ్ళే. మా పిల్లోడు అట్లాంటి వాడు కాదులెండి. వాడికి నిజంగానే నా బ్లాగు పైకి రావాలని ఉంది.

మధ్యలో ఒక మంచి మాట. నంద్యాల అమ్మాయి ఒకరు, పరిశోధన చేస్తోందట, షికాగో లింకు పట్టుకుని మూడు మాటలకు బ్రౌన్ ఇచ్చిన అర్థాలు దొరికాయని రాసింది. ఈయనకు చూపించాలి.

ప్లగిన్ తీసేశాను. కామెంట్లలో లింకులకు నా బ్లాగు నడిచే వర్డ్‌ప్రెస్ ఎలాగూ తనే నోఫాలో పెడుతుంది, అది చాలు. పుష్పగిరి టపాలో రమ్మీ లింకు పీకేసి, పాత వెబ్ పేజీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికిన పాత ప్రతి పెట్టాను. రాతంతా ఉంది గానీ శాసనాల ఫోటోలు రాలేదు. అక్కా, ఇది చదివితే ఆ ఫోటోలు నీ దగ్గర ఎక్కడన్నా ఉన్నాయేమో చూసి పంపు. ఒంటిమిట్ట టపా లింకులు ఇంకా చూడలేదు, రేపు మధ్యాహ్నం చూస్తా.