గేరో పెట్టిన విందు

మహారాష్ట్ర అంచున సిరోంచలో మా జిరాక్స్ షాపు నుంచి కాస్త నడిస్తే ప్రాణహిత. అవతలి ఒడ్డు తెలంగాణ. ఎండాకాలం మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు, ఫోన్‌లో పాత రాజుల కథలు చదువుతూ కూర్చుంటా. ఈ వారం దొరికినవాడు గేరో.

పదో శతాబ్దపు జర్మనీ. ఎల్బే, జాలే నదులకు ఇవతల సాక్సన్లు, అవతల స్లావులు. గేరోకి తోడబుట్టిన సీగ్‌ఫ్రీడ్ పోయాక, 937లో ఒట్టో రాజు ఆ హద్దు పెత్తనం గేరో చేతిలో పెట్టాడు. అది తనకే వస్తుందనుకున్న రాజుగారి సవతి అన్న టాంక్‌మార్ మరుసటి ఏడే తిరగబడి, చర్చిలో దాక్కుని అక్కడే చచ్చాడు. గేరో హోదా మార్‌గ్రేవ్, అంటే సరిహద్దు దొర. కలెక్టరూ ఎస్పీ ఒక్కడే అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, పైగా కప్పం వసూలు కూడా ఆయనదే.

939లో ఈ దొర స్లావు నాయకులను విందుకు పిలిచాడు. బాగా తాగించాడు. మత్తులో ఉన్న ముప్పై మందిని ఒక్క రాత్రిలో నరికించాడు. ఈ సంగతి రాసింది విడుకిండ్ అనే సన్యాసి, ఆయనా సాక్సనే. 'వాళ్లే ముందు గేరోని చంపాలని పన్నాగం పన్నారు' అని ఒక ముక్క తగిలించాడు. నాకైతే మింగుడు పడలేదు. కంచం ముందు కూర్చోబెట్టి చంపడమేంటండీ! ఆ ముప్పై మందిలో ఒక్కడి పేరైనా రాయలేదు. అవతలి ఒడ్డువాళ్లు కదా, ఎవడికి పట్టింది?

955లో రెక్‌నిట్స్ నది దగ్గర గెలుపు, 963లో స్లావుల ప్రాంతమైన లౌజిట్స్ ఆక్రమణ, ఇవన్నీ మామూలే. కానీ కొడుకు 959లో పోయాడు. ముసలాయన గెర్న్‌రోడెలో కన్యాస్త్రీల మఠం కట్టించి, విధవ కోడలు హాతూయిని దానికి పెద్దను చేశాడు. రోమ్ వెళ్లి ఆయుధాలు దించి వచ్చాడు. 965లో పోతే ఆ చర్చిలోనే పూడ్చారు. చర్చి ఇప్పటికీ ఉంది. ఆయన ఏలిన మార్క్, అంటే ఆ సరిహద్దు సీమ, మాత్రం చావగానే ముక్కలైంది.

లౌజిట్స్‌లో స్లావుల సంతతి సోర్బులు ఇంకా ఉన్నారు, వాళ్ల భాష మాట్లాడుతూనే. బౌట్‌జెన్‌లో వీధి బోర్డులు రెండు భాషల్లో ఉంటాయట. ఇది చదువుతుండగానే ఒక పెద్దమ్మ వచ్చింది, చేతిలో మరాఠీ ఫారం.

"బిడ్డా, ఇందులో ఏం రాసిందో జర చదివి చెప్పు."

ఫోన్ పక్కన పెట్టి తెలుగులో చదివి చెప్పాను. జిరాక్స్‌కి రెండు రూపాయలు ఇచ్చి పోయింది.