మౌనానికీ పాపంలో పావు వాటా

రాయబారానికి వచ్చిన శ్రీకృష్ణుడు కౌరవ సభలో అన్న మాటకు తిక్కనగారి పద్యం ఇది:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడిన్

పాపం ధర్మాన్ని, అబద్ధం సత్యాన్ని ముంచేస్తుంటే, ఆపగలిగీ ఊరుకున్నవాళ్ళకే చేటు. ధర్మాన్ని గట్టెక్కించడానికి దైవం ఎలాగూ ఉన్నాడు.

ఆ సభకు ఇది కొత్త మాటేం కాదు. పదమూడేళ్ళ ముందు, ద్రౌపది ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకున్న రోజున, విదురుడు ఒక పాత కథతో లెక్కకట్టి మరీ చెప్పాడు. విరోచనుడు, అంగిరస మహర్షి కొడుకు సుధన్వుడు తమలో ఎవరు గొప్ప అని ప్రాణాలు పందెం కాసి ప్రహ్లాదుడి దగ్గరికి తీర్పుకు వెళ్ళారు. విరోచనుడు ఆయన కన్నకొడుకు. తెలిసీ చెప్పకపోతే ఏమవుతుందని ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి అడిగాడు. నిందించవలసిన పనిని ఎవరూ నిందించని సభలో పాపంలో సగం సభాపతికి, పావు చేసినవాడికి, పావు నోరు మెదపని సభ్యులకు అన్నాడు కశ్యపుడు. నిందిస్తే మిగతావాళ్ళంతా బయటపడతారు, మొత్తం చేసినవాడి నెత్తినే పడుతుంది. అంటే అందరూ ఊరుకున్నచోట తప్పు చేసినవాడి వంతు పావే! మిగతా ముప్పావూ పెద్దలు పంచుకుంటున్నారన్నమాట.

సుధన్వుడే గొప్పవాడని ప్రహ్లాదుడు తీర్పిచ్చాడు. కొడుకు మీది మమకారాన్ని పక్కనపెట్టి ధర్మాన నిలిచావని మెచ్చి, నీ కొడుకు నూరేళ్ళు బతకాలని సుధన్వుడు విడిచిపెట్టాడు. ధృతరాష్ట్రుడి ఎదుటే చెప్పిన కథ ఇది. విన్న రాజుల్లో ఒక్కరూ పలకలేదు. యుద్ధం ముగిసేసరికి గాంధారి కొడుకుల్లో ఒక్కడూ మిగల్లేదు.

ఆ సభలో విదురుడికన్నా ముందే దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు మాట్లాడాడు. ధర్మరాజు తాను ఓడాక ద్రౌపదిని ఒడ్డాడని, ఆమె అయిదుగురికీ భార్య అని, ఆమెను పందెం కాయమని పేరెత్తింది శకుని అని కారణాలతో సహా చెప్పాడు. కర్ణుడు కుర్రతనమని కొట్టిపారేశాడు. ఇళ్ళలో జరిగేదీ ఇదే. పెద్దల తప్పు ఎత్తిచూపిన పిల్లవాణ్ణి ‘నీకేం తెలుసు’ అని ఒక్కసారి కసిరితే రెండోసారి అడగడు.

అయితే నోరు విప్పడానికీ కొలత ఉంది. ఉద్వేగం కలిగించనిది, సత్యం, ప్రియం, హితం అయిన మాట, దానితోపాటు స్వాధ్యాయం, ఇవి వాక్కుతో చేసే తపస్సు అని గీత (17.15). మొదటి షరతు దగ్గరే చాలామంది తప్పుతారు. నలుగురిలో గొంతు పెంచి కడిగేస్తే, ఎదుటివాడు తప్పు సంగతి వదిలేసి పరువు కోసం పోట్లాడతాడు. ఆ పని జరిగిన రోజునే, విడిగా, ఆ ఒక్క పని వరకే చెప్పాలి. పాత లెక్కలు తవ్వకూడదు. అన్యాయం కళ్ళెదుటే జరుగుతున్నప్పుడు మాత్రం ఏకాంతం కోసం ఆగకూడదు, విదురుడు ఆగలేదు.

పద్యాన్ని పిల్లలకు నేర్పేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఉత్పలమాల కాబట్టి పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. పాదం చివర ఆపడం అలవాటైన పిల్లలు ‘దక్షులె’ దగ్గర, ‘ధర్మని’ దగ్గర ఆగిపోతారు, అర్థం తెగిపోతుంది. ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి’ ఒక ఊపిరిలో, ‘ధర్మనిస్తారక మయ్యు’ మరో ఊపిరిలో చదివించి, ఆ తర్వాతే రాగం కట్టించాలి.