తోటలో పొద్దు

బారువ తీరంలో సరుగుడు తోట బొమ్మ వేయడం ఇది నాలుగోసారి. మొదటి మూడూ బీరువా మీద ఉన్నాయి. చూపించమని అడగొద్దు.

మనది తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. అటు తిరిగి కూర్చుంటే వెలుగు మానుల వెనకనుంచి నేలబారుగా వచ్చి కళ్లలో పడుతుంది. మానులు నల్లగా కనిపిస్తాయి గానీ అది నలుపు కాదు. మొదటిసారి నల్లరంగే వాడాను, తోట తగలబడినట్టు వచ్చింది! ఇప్పుడు అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలుపుతున్నాను. నీలం కాస్త ఎక్కువైతే చల్లటి బూడిదరంగు, సియెన్నా ఎక్కువైతే వెచ్చటిది. ట్యూబులో పచ్చరంగు జోలికి పోను, సరుగుడు ఆకుకి అంత పచ్చదనం ఎక్కడిది?

వాటర్ కలర్‌లో వెలుగంటే కాగితాన్ని తెల్లగా వదిలేయడమే. ఆ వదిలేయడమే నాకు చేతకాదు. పైగా సముద్రపు గాలి తేమకి కాగితం ఓ పట్టాన ఆరదు, మానుల అంచులు పాకిపోతాయి.

మూడో బొమ్మ వేస్తుంటే, పొయ్యిలోకి సరుగుడు ఆకు ఊడ్చుకుంటున్న ఒకామె వచ్చి చూసింది.

"ఏటి బాబూ, పొద్దు గూకిపోతన్నట్టుంది?"

నేను వేసింది పొద్దున్న ఆరు గంటలు. నీడల్లో నారింజరంగు పోసేశాను మరి. సాయంత్రం ఇక్కడ సూర్యుడు ఊరివైపు దిగుతాడు, మానులు ఇటువైపు ఎర్రబడతాయి, వెనక సముద్రం మసకబారుతుంది. అది వేరే బొమ్మ.

ఈసారి నీడల్లో పలచగా ఊదా వేశాను. రెండు మానుల మధ్య ఒక్క సందు తెల్లగా వదిలాను. దానిమీద ఈగ వాలి అతుక్కుపోయింది. తీయలేదు.