ఉత్తమ నటి పేరు ముందే రాసిపెట్టుకున్న ఏడేళ్లు

2019 ఫిబ్రవరిలో ఒక నోటుపుస్తకం పేజీలో ‘గ్లెన్ క్లోజ్’ అని పెన్నుతో రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ ఏడాది ఆస్కార్ ఉత్తమ నటి ఎవరన్నది తల పట్టుకుని ఆలోచించవలసిన విషయంగా నాకు తోచలేదు. ‘ది వైఫ్’ చిత్రానికి ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, నటీనటుల సంఘమైన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డు వచ్చింది, క్రిటిక్స్ చాయిస్ అవార్డును లేడీ గాగాతో కలిసి పంచుకున్నారు. పైగా అది ఆమెకు ఏడో నామినేషన్, అంతకుముందు ఆరుసార్లూ ఉత్త చేతులతోనే తిరిగి వెళ్లారు. తీరా కవరు తెరిచాక వినిపించిన పేరు ‘ది ఫేవరిట్’లో నటించిన ఒలీవియా కోల్మన్‌ది. బ్రిటిష్ అకాడమీ ఇచ్చే బాఫ్టా అవార్డు కోల్మన్‌కు దక్కిందని నాకు ముందే తెలుసు. ఇంటి బిడ్డకు ఇంటివాళ్లు ఇచ్చుకున్నారులే అని దాన్ని పక్కన పెట్టాను.

ఓడిపోయాకే ఓట్ల సంగతి చదివాను. నటనా విభాగాలలో నామినేషన్లను ఆస్కార్లు ఇచ్చే అకాడమీలోని నటీనటుల శాఖ ఎంచుతుంది గాని, తుది ఓటు అన్ని శాఖల సభ్యులదీ: ఎడిటర్లు, కెమెరామన్లు, సంగీతకారులు, మేకప్ నిపుణులు, అందరూ కలిపి ఇప్పుడు సుమారు 10,000 మంది. ఉత్తమ చిత్రానికి ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తారు. నటికి మాత్రం ఒక్క పేరే ఎంచుకోవాలి, ఎవరికి ఎక్కువ పడితే వారిదే విజయం. అయిదుగురు బరిలో ఉన్నప్పుడు ఓట్లు బాగా చీలితే అయిదో వంతుకు కాస్త మించినా చాలు. ఎవరికెన్ని పడ్డాయో ఎన్నటికీ బయటపెట్టరు కనుక, నా అంచనా వెంట్రుకవాసిలో తప్పిందో ఆమడదూరంలో తప్పిందో తెలుసుకునే దారి కూడా లేదు. ఇక ఆస్కార్‌కు ముందు వచ్చే అవార్డుల సంగతి చూస్తే, గోల్డెన్ గ్లోబ్‌కూ క్రిటిక్స్ చాయిస్‌కూ ఓటు వేసేది పాత్రికేయులు, విమర్శకులు. వారికి ఆస్కార్‌లో ఓటు లేదు. గిల్డ్‌లో లక్షకు పైగా సభ్యులున్నారు, వారిలో అకాడమీ సభ్యులు పిడికెడు మంది. బాఫ్టాలో అన్ని శాఖల వారూ ఉంటారు. ఆ అవార్డును ఇంటివాళ్ల ముచ్చటగా కొట్టిపారేయడం ఎంత తొందరపాటో ఇక్కడే అర్థం కావలసింది, కాలేదు.

కాకపోవడానికి 2020 కారణం. ఆ ఏడాది నటనా విభాగాలు నాలుగింటిలో రెనీ జెల్వెగర్, వాకీన్ ఫీనిక్స్, లారా డెర్న్, బ్రాడ్ పిట్ దారిలో ఎదురైన ప్రతి పెద్ద అవార్డునూ తీసుకుంటూ ఆస్కార్ దాకా నడిచారు. నాలుగు పేర్లు రాశాను, నాలుగూ నిజమయ్యాయి. ఎవరు రాసినా నిజమయ్యేవే అవి. నేను మాత్రం విద్య పట్టుబడిందనుకున్నాను.

2021లో ఆ భ్రమ తీరింది. ఉత్తమ నటికి ఒక్కో అవార్డు ఒక్కొక్కరికి పోయింది: డ్రామా విభాగంలో గోల్డెన్ గ్లోబ్ ఆండ్రా డేకి, క్రిటిక్స్ చాయిస్ కేరీ మల్లిగన్‌కు, గిల్డ్ అవార్డు వయోలా డేవిస్‌కు, బాఫ్టా ఫ్రాన్సిస్ మెక్‌డోర్మండ్‌కు. బాఫ్టా ఆ ఏడాది నటన నామినేషన్లను జ్యూరీల చేత ఎంపిక చేయించినందువల్ల, మెక్‌డోర్మండ్‌తో ఆస్కార్‌లో పోటీపడిన మల్లిగన్, డేవిస్, ఆండ్రా డే ముగ్గురూ అక్కడి పోటీలోనే లేరు. పోటీదారులు లేని గెలుపుకు విలువేమిటని వాదించుకుని, గిల్డ్‌లో ఓటు వేసేది నటులే కదా అన్న ధైర్యంతో డేవిస్ పేరు రాశాను. ఉత్తమ నటుడిగా చాడ్విక్ బోస్‌మన్ పేరు రాయడానికైతే వాదన కూడా అవసరపడలేదు. 2020 ఆగస్టులో మరణించిన ఆయనకు గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, గిల్డ్ అవార్డులు మూడూ వచ్చాయి. చివరన ఇవ్వవలసిన ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి, ఆ రాత్రి ఉత్తమ నటుడి అవార్డును ఆఖరున పెట్టారు. తెర మీద ఫీనిక్స్ కవరు తెరిచి ఆంథొనీ హాప్కిన్స్ పేరు చదివి, గ్రహీత అక్కడ లేనందున అకాడమీ ఆయన తరఫున స్వీకరిస్తోందని చెప్పడంతో, చరిత్రాత్మకమైన ముగింపు కోసం ఎదురుచూసిన కార్యక్రమం ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. ఉత్తమ నటి మెక్‌డోర్మండ్. హాప్కిన్స్‌కూ బాఫ్టా వచ్చింది. ఆయన వేల్స్ వాడు కనుక దాన్నీ ఇంటివాళ్ల లెక్కలోనే కొట్టివేసి ఉన్నాను.

పాత పేజీలు తిరగేస్తే నా తప్పుల వెనుక ఉన్న పదం ఒకటే కనబడింది. అప్పటికి నా పట్టికలో ‘బాకీ’ అని ఒక గడి ఉండేది. క్లోజ్‌కు పరిశ్రమ ఏళ్ల తరబడి బాకీ ఉందని, బోస్‌మన్‌కు ఇక తీర్చే మరో అవకాశం లేదని అందులో రాసుకున్నాను. ఓటరు తనను బాకీపడ్డవాడిగా భావించుకుంటాడని నేను ఊహించాను. అతను మాత్రం తాను చూసిన సినిమాల్లో తనకు నచ్చినదానికి ఓటు వేసి పోతున్నాడు. బాకీ గడిని కొట్టివేయకుండా, దాని పక్కన ‘సినిమా బలం’ అని మరొకటి గీశాను: ఆ చిత్రానికి ఎన్ని నామినేషన్లు, స్క్రీన్‌ప్లేకు ఉందా, ఎడిటింగ్‌కు ఉందా, నిర్మాతల గిల్డూ దర్శకుల గిల్డూ ఏమన్నాయి అన్న వివరాలు అందులోకి వెళ్లాయి. ఆ రోజు నుంచి పెన్ను మానేసి పెన్సిలు పట్టుకున్నాను.

2022లో ఆస్కార్ బరిలోని అయిదుగురిలో ఒక్కరికీ బాఫ్టా నామినేషన్ లేకపోవడంతో గిల్డ్ అవార్డు చూసి జెస్సికా చాస్టెయిన్ పేరు రాశాను, సరిపోయింది. మరుసటి ఏడాది బాఫ్టా భక్తి ముదిరి కేట్ బ్లాంచెట్ పేరు రాశాను. గిల్డ్ అవార్డు అందుకున్న మిషెల్ యో చిత్రం నిర్మాతల, దర్శకుల, నటుల గిల్డులన్నిటినీ ఊడ్చుకుపోయిన సంగతి కొత్త గడిలో నా చేతి రాతతోనే ఉంది, రాసినవాడే చదవలేదు. ఆ చిత్రం ఏడు ఆస్కార్లు గెలిచింది, వాటిలో ఒకటి ఆమెది.

2024లో మొదటిసారి గడులన్నీ ఓపిగ్గా చదివాను. గిల్డ్ అవార్డు లిలీ గ్లాడ్‌స్టోన్‌ది, బాఫ్టా, క్రిటిక్స్ చాయిస్ ఎమ్మా స్టోన్‌వి. గ్లాడ్‌స్టోన్ చిత్రానికి పది నామినేషన్లున్నా స్క్రీన్‌ప్లేకు లేదు, ఆమెకు బాఫ్టా నామినేషనూ రాలేదు. మనసు ఆమె వైపే ఉన్నా స్టోన్ పేరు రాశాను. ఆ ఉదయం మేకప్, కళాదర్శకత్వం, దుస్తుల అవార్డులు స్టోన్ చిత్రానికే వరసగా పోతున్నప్పుడు, ఉత్తమ నటి ప్రకటనకు చాలా ముందే నా రాత సరైనదని తెలిసింది. గెలిచినా సంతోషం కలగకపోవడం అదే మొదటిసారి.

2025 పేజీ అన్నిటికంటె మురికిగా ఉంది. ‘ది సబ్‌స్టెన్స్’ చిత్రానికి గోల్డెన్ గ్లోబ్ అందుకుంటూ డెమీ మూర్, నలభై అయిదేళ్లకు పైగా నటిస్తున్నా నటిగా తనకిదే తొలి అవార్డని చెప్పిన నాడే బాకీ గడి నిండిపోయింది. అయినా నిర్మాతల, దర్శకుల గిల్డులు రెండూ ‘అనోరా’ను ఎంచుకోవడం, ఫిబ్రవరి 16న బాఫ్టా ఆ చిత్ర నటి మైకీ మ్యాడిసన్‌కు రావడం చూసి పెన్సిలుతో మ్యాడిసన్ అని రాశాను. 23న గిల్డ్ అవార్డు మూర్‌కు వచ్చింది. ఆ రాత్రే రబ్బరు తీసి మ్యాడిసన్‌ను చెరిపి, మూర్ అని రాశాను. ఆస్కార్ తుది ఓటింగు 18తోనే ముగిసిందని, 23న ఎవరు గెలిచినా అప్పటికే పడిన ఓటు మారదని నా పుస్తకం మొదటి పేజీలోనే తేదీలతో సహా రాసి ఉంది. గిల్డ్ ఫలితం నటుల అభిరుచికి సాక్ష్యమే, కాదనను. కాని నేను చెరిపింది ఆ సాక్ష్యాన్ని తూచి కాదు, ఆమె ఆనందం చూసి. మార్చి 2న స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ అవార్డులు ‘అనోరా’కు పోయినప్పుడు మళ్లీ రబ్బరు కోసం వెతికాను గాని, ప్రసారం మొదలయ్యాక దిద్దకూడదన్నది నేను పెట్టుకున్న నియమమే. ఉత్తమ నటి మ్యాడిసన్. మూర్ అన్న అక్షరాల కింద, కాగితం నలిగిన చోట, సరిగ్గా చెరగని ‘మ్యా’ ఇప్పటికీ కనిపిస్తుంది.

ఏడింట మూడు నిజమయ్యాయి. తరువాతి పేజీకి గీతలు గీయవలసి వచ్చినప్పుడు అకాడమీ కొత్త నియమం ఒకటి ముందుంది: 2026 వేడుక నుంచి ఏ విభాగంలోనైనా తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలో నామినేట్ అయిన చిత్రాలన్నిటినీ చూసి ఉండాలి. పేరు విని, కథనం విని ఓటు వేసే వెసులుబాటు తగ్గుతుంది కనుక బాకీ గడిని ఈసారి ఇరుకు చేశాను. మొత్తం తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.