మెడ తిప్పి చూడు

ఈసారి సెలవుకి విశాఖ వచ్చిన రెండో రోజే తమ్ముడి బైక్ ఎక్కి గాజువాక వెళ్లాను. జంక్షన్ దగ్గర మా ముందు కంటైనర్ ట్రైలర్ ఒకటి ఎడమ ఇండికేటర్ వేసుకుని ఆగి ఉంది. దానికీ రోడ్డు అంచుకీ మధ్య సందు కనిపించగానే వాడు బండి అందులోకి పోనివ్వబోయాడు. భుజం పట్టుకుని ఆపేశాను.

"బోలెడు చోటుంది కదా అన్నయ్యా" అన్నాడు.

ట్రైలర్ తిరగడం మొదలుపెట్టాక ఆ చోటు ఉండదు. తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో, జెబెల్ అలీ పోర్టు దగ్గర, నేను తోలుతున్నది అలాంటి బండే. ముందు చక్రాలు వెళ్లిన దారిన వెనక చక్రాలు రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే డ్రైవరు ముందు అవతలి పక్కకి కాస్త తీసుకుని, అప్పుడు తిప్పుతాడు. చూసేవాళ్లకి దారి ఇస్తున్నాడేమో అనిపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. తిరిగేకొద్దీ మలుపు వైపు అద్దం నిండా కంటైనరే కనిపిస్తుంది. దుబాయ్‌లో బళ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇక్కడ రెండూ తారుమారు. కానీ రెండు చోట్లా ఆ ఇరుకు మలుపు డ్రైవరు సీటుకి దూరంగా ఉన్న వైపే వస్తుంది.

దుబాయ్‌లో లైసెన్సు టెస్టు మొదటిసారి తప్పాను. లేన్ మారేటప్పుడు అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, మెడ మాత్రం తిప్పలేదు. నేర్పిన పెషావర్ ఉస్తాద్ ఆ తర్వాత వారమంతా "గర్దన్ ఘుమావో" అంటూనే ఉన్నాడు. అద్దంలో పడని చోటు ప్రతి బండికీ ఉంటుంది, కారులో అది మెడ తిప్పితేనే కనిపిస్తుంది. అక్కడ ఇండికేటర్ వేయకుండా తిరిగితే 400 దిర్హాములు జరిమానా. ఆ భయంతో మొదలైందే నాకు అలవాటైపోయింది. ముందు అద్దం, తర్వాత ఇండికేటర్, వెనకవాడికి అర్థమయ్యేంత సమయం, ఆపైన మెడ తిప్పి ఒక చూపు, అప్పుడే స్టీరింగ్. మద్దిలపాలెం దగ్గర హైవే మీద చూస్తుంటే ఇండికేటర్ వెలగడం, బండి పక్కకి రావడం ఒకేసారి జరుగుతున్నాయి. వెనక వచ్చేవాడికి బ్రేకు మీద కాలు వేసే టైమైనా ఇవ్వాలి కదా!

ఇక్కడ కారు తీస్తే మొదట్లో నా చెయ్యి ఇండికేటర్‌కి బదులు వైపర్ మీదకి పోతుంది. అందుకే రెండు రోజులు భీమిలి రోడ్డులో నెమ్మదిగా తోలి, చెయ్యి కుదిరాకే ఊళ్లోకి తెస్తాను.

తమ్ముడికి మాటలతో చెబితే ఎక్కలేదు. ఆదివారం ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల ట్రైలర్ ఆగి ఉంటే, వాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, వాడి బైక్ తీసుకెళ్లి ఎడమ ముందు చక్రం పక్కన నిలబెట్టాను. అద్దంలో చూడమన్నాను. అటు వంగాడు, ఇటు వంగాడు.

"నా బండి ఎక్కడ పెట్టావన్నయ్యా?" అని కేక వేశాడు.